అమ్మ వయసు ఎనిమిదేళ్ళ లోపు

మా ఇంటి కంప్యూటర్ లెక్కలో మా అమ్మకు ఇంకా ఎనిమిదేళ్ళు నిండలేదు. నాకూ నిండలేదు. నాకు ఓటుంది, ఉద్యోగముంది, ఎడమ చెవి పైన ఒక తెల్లవెంట్రుక కూడా ఉంది. కంప్యూటర్ ఇవేవీ పట్టించుకోలేదు. ఆ ఇంట్లో దానికి తెలిసిన పెద్దమనిషి ఒక్కడే, మా నాన్న.

ఇదెలా జరిగిందో చెప్పాలంటే ఒక ప్రకటన దగ్గర మొదలుపెట్టాలి. ఒక సాయంత్రం గుడి కమిటీ పెద్దాయన మా రైల్వే క్వార్టర్‌కి వచ్చారు. కల్యాణం ఆహ్వాన పత్రికకి మంచి నమూనా ఏదైనా కంప్యూటర్‌లో దొరుకుతుందేమో చూద్దామని. నాన్న కళ్ళజోడు పెట్టుకుని, మౌసు గట్టిగా పట్టుకుని, పసుపు రంగులో ఉన్న ఒక పత్రిక మీద నొక్కాడు. పత్రిక రాలేదు. బట్టలు బాగా పొదుపుగా వాడే ఒక అమ్మాయి వచ్చి, పేకాట ఆడదాం రమ్మంటూ తెరనిండా డాన్సు మొదలుపెట్టింది. మూసేద్దామని నాన్న నొక్కినకొద్దీ ఆమె ఇంకా పెద్దదైంది. అమ్మ టీ గ్లాసులతో గుమ్మంలోనే ఆగిపోయింది. పెద్దాయన మాత్రం కంగారు పడలేదు.

"బాబూ, ఆపగలిగితే ఆపు. నేకపోతే సౌండైనా పెట్టు," అన్నారు.

నాన్న బల్ల కిందికి దూరి తీగ పీకేశాడు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. పరువు పోయిందన్నాడు. పెద్దాయన మాత్రం మూడో రోజే మళ్ళీ వచ్చి, "పత్రిక నమూనా దొరికినాదా?" అని కంప్యూటర్ వైపు ఆశగా చూశారు. అప్పటికే ఆలస్యమైపోయింది. నాన్న ఆఫీసులో ఎవరినో అడిగి, ఇంటిల్లిపాదినీ ఇంటర్నెట్ నుంచి కాపాడే సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చేశాడు.

నేను ప్రేమ్ బజార్‌లో ఒక జిరాక్సు కొట్లో పనిచేస్తాను. కాలేజీ పిల్లల థీసిస్‌లు ప్రింటు తీసి, అట్టలేసి బైండు చేస్తాం. అందువల్ల మా ఇంట్లో కంప్యూటర్ విషయాలకు నేనే నిపుణురాలిని. అంటే, ఏదైనా పాడైతే నన్నే తిడతారు. ఆ హోదాలో నేను నాన్న పక్కన కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్ మూడు దారులు చూపించింది. చెడ్డవని తెలిసినవాటిని ఆపడం ఒకటి. అనుమానం ఉన్నవాటిని కూడా ఆపడం రెండోది. మూడోది, అన్నిటినీ ఆపేసి, పెద్దవాళ్ళు ఒప్పుకున్నవాటిని మాత్రం వదలడం.

"మొదటిది చాలు నాన్నా," అన్నాను.

నాన్న నావైపు జాలిగా చూశాడు. నాన్నది సిగ్నల్ డిపార్ట్‌మెంటు. బెంగాలీల మధ్యనున్న ఈ రైల్వే ఊళ్ళో పాతికేళ్ళకు పైగా సిగ్నళ్ళు బాగుచేస్తున్నాడు. లోకాన్ని ఆయన చూసేది ఆ స్తంభం మీద నుంచే.

"ఒలే, సిగ్నల్ ఎప్పుడూ ఎర్రగానే ఉంటాది. అదే దాని మామూలు. బండొస్తన్నాదని తెలిసి, ముందర దారి కాలీగా ఉన్నాదని తెలిస్తే, అప్పుడిస్తాం పచ్చ. బండి దాటగానే మల్లీ ఎరుపు. దీన్ని తిరగేసి పెట్టుకుంటే ఏటవుతాదో సెప్పు?"

"గుద్దుకుంటాయి."

"మరి?"

"నేను సినిమా టైములు చూసుకుంటే ఎవరు గుద్దుకుంటారు నాన్నా?"

"ముందర నువ్వే గుద్దుకుంటావు," అని మూడోది నొక్కాడు.

తర్వాత సాఫ్ట్‌వేర్ ఇంట్లో ఒక్కొక్కరి వయసూ అడిగింది. ఎనిమిదేళ్ళ లోపు అంటే కాపలా అన్నిటికన్నా గట్టిగా ఉంటుందని కింద రాసుంది. వంతెన మీద బండిని మెల్లగా పోనిస్తే నష్టమేముంది అనే పద్ధతిలో, నాన్న అమ్మకూ నాకూ అదే పెట్టేశాడు. పర్మిషన్ ఎంతకాలం ఇవ్వాలని అడిగితే, 'ఒక్కసారికి' అన్నాడు. బండి దాటగానే ఎరుపు. నేను చేసిన ఘనకార్యం ఒక్కటే. భాష ఎంచుకోమంటే తెలుగు ఎంచుకున్నాను.

దాంతో మర్నాటి నుంచి మా తెర మీద ఒక గుడ్లగూబ కాపురం పెట్టింది. పెద్ద కళ్ళు, మెడలో బో టై, నవ్వు. "అయ్యో చిన్నారీ! ఈ చోటు నీకింకా కాదు. ఇంట్లో పెద్దవాళ్ళను అడుగు!" కింద 'అడుగు' అని ఒక మీట. అది నొక్కితే నాన్న ఫోన్‌కి కబురు వెళుతుంది. నాన్న రిలే రూమ్‌లో, అంటే సిగ్నళ్ళను నడిపే యంత్రాలుండే గదిలో, పని చేసేటప్పుడు ఫోన్ బ్యాగులో పెట్టేసి పోతాడు. అది కూడా భద్రత కోసమే. కాబట్టి మేం పొద్దున్న అడిగింది సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, స్నానం చేసి, టీ తాగి, కళ్ళజోడు తుడుచుకుని, ఆ పేజీ ముందుగా తాను మొత్తం చదివి, అప్పుడు పచ్చ ఇస్తాడు. పొద్దున్న నాకేం కావాలో అప్పటికి నేను మర్చిపోయి ఉంటాను.

వేసవిలో ఒక కాలబైశాఖి గాలివాన రోజు మబ్బు చూసి, వాన ఎప్పుడొస్తుందో తెలుసుకుందామని వాతావరణం పేజీ తెరిచాను. గుడ్లగూబ. గాలివాన వచ్చి, అమ్మ ఆరేసిన చీర పక్క క్వార్టర్ల లైనులోని జామచెట్టు మీద వాలి, వాన కూడా వెలిశాక నాన్న వచ్చి అనుమతి ఇచ్చాడు. తెరిస్తే, 'ఆకాశం నిర్మలం' అని ఉంది. పంచాంగం తెరవబోతే గుడ్లగూబ. హిజ్లీ స్టేషన్లో బండి ఎప్పుడు ఆగుతుందో చూద్దామంటే గుడ్లగూబ. రైల్వేవాళ్ళింట్లో! చివరికి విసుగొచ్చి, ఈ సాఫ్ట్‌వేర్ కాపలా కాస్త తగ్గించడమెలా అని ఆ కంపెనీవాళ్ళ సొంత పేజీలోకే వెళ్ళబోయాను. అక్కడా అదే నవ్వు. తన గురించి తెలుసుకునే వయసు కూడా నాకు రాలేదట.

ఇంతవరకైతే నేను తిట్టుకుంటూ గడిపేసేదాన్నే. నా సినిమా టైములకోసం ఎవరూ ఏడవరు. అసలు దెబ్బ అమ్మకు తగిలింది.

అమ్మ మా వరండాలో చాలా ఏళ్ళుగా లైనులోని పిల్లలకు అఆలు దిద్దిస్తోంది. బడిలో హిందీ, వీధిలో బెంగాలీ, ఇంట్లో టీవీ; తెలుగు అక్షరం ముట్టుకునే చోటు వాళ్ళకు మా వరండా ఒక్కటే. అది చూసి మా పేటలోని తెలుగు బడి పెద్ద టీచరమ్మ ఒకరోజు అమ్మను పిలిచారు. చిన్నపిల్లల తరగతికి మనిషి కావాలి. పూర్వ ప్రాథమిక శిక్షణ కోర్సు ఒకటుంది, ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో చదువుకోవచ్చు, కొత్త సంవత్సరం బడి తెరిచేలోగా అది పాసైతే ఆ ఉద్యోగం మీదే, లేకపోతే వేరే మనిషిని చూసుకోవాలి అన్నారు. అమ్మ చదువు పెళ్ళి దగ్గర ఆగింది. ఆ రోజు ఇంటికొచ్చి చింతపండు పిసికింది. ఎంతసేపు పిసికిందంటే, చారు మర్నాటిదాకా పుల్లగానే ఉంది.

కోర్సులో చేరింది. మొదటి పాఠం తెరిచింది. గుడ్లగూబ.

ఆ కోర్సంతా పసిపిల్లల గురించి. పసిపిల్లల గురించి చదవడానికి పసిపిల్లలకు అనుమతి లేదని ఆ సాఫ్ట్‌వేర్ అభిప్రాయం. బిడ్డ పుట్టుక పాఠం ఆగింది. పాలిచ్చే పద్ధతి ఆగింది. పాకే వయసులో తగిలే దెబ్బలు అనే పాఠాన్ని హింస కింద ఆపేసింది. అమ్మ రోజూ పొద్దున్న వంట ముగించి, చెయ్యి తుడుచుకుని, 'అడుగు' నొక్కి, బియ్యం ఏరుకుంటూ కూర్చునేది. సాయంత్రం నాన్న వచ్చి పరిశీలన మొదలుపెట్టేవాడు. పాలిచ్చే పాఠం దగ్గర ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఒలే, ఇది నువ్వు సూసి సెప్పు," అని నన్ను పిలిచాడు.

"నాకింకా ఎనిమిదేళ్ళు నిండలేదు నాన్నా," అన్నాను.

అమ్మ నవ్వలేదు. "బేగి ఇవ్వండి. మల్లీ రేపు ఇంకోటడగాల," అంది.

అనుమతి వచ్చాక కూడా సుఖం లేదు. పాఠం ఒక చోటి నుంచి వస్తే, అందులోని బొమ్మలు ఇంకో చోటి నుంచి వస్తాయి. ఆ ఇంకో చోటికి అనుమతి లేదు. దాంతో బొమ్మలుండాల్సిన చోటల్లా బూడిదరంగు గళ్ళు. 'కింది బొమ్మలోని బిడ్డ ఎదుగుదలలో ఏ దశలో ఉందో రాయండి' అని ప్రశ్న, కింద ఒక బూడిదరంగు గడి. అమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"ఈ బిడ్డ బాగా అణిగిమణిగి ఉన్నాది," అంది.

వారం తిరిగేసరికి సాఫ్ట్‌వేర్ నాన్నకు ఒక నివేదిక పంపింది. 'మీ చిన్నారి ఈ వారం గర్భం, ప్రసవం గురించి ఆసక్తి చూపింది. మీ చిన్నారితో ఏకాంతంగా, ఓపికగా మాట్లాడండి.' నాన్న దాన్ని పైకి చదివి, చదివినందుకు తర్వాత బాధపడ్డాడు.

నా ఫోన్‌లో చదువుకోమని ఇచ్చాను. ఆ చిన్న అక్షరాలతో అమ్మకు తలనొప్పి వచ్చేది. జవాబులు టైపు చేయడం అసలు కుదిరేది కాదు. మా పక్క క్వార్టర్ కాకీమాకు మంచి ల్యాప్‌టాప్ ఉంది. ఆవిడ బెంగాలీ; కాకీమా అంటే పిన్ని. దూరంగా ఉన్న పిల్లలకు అందులో సంగీతం నేర్పుతారు. "అడుగుదామా?" అన్నాను. "ఇంట్లో కంప్యూటరెట్టుకుని పక్కింటికెల్తే ఏటనుకుంటారు? మీ నాన్న మాటేటవ్వాల?" అంది అమ్మ. నాన్న మాట ఏమవుతుందో అని అమ్మ ఆలోచిస్తోంది. అమ్మ చదువు ఏమవుతుందో అని నాన్న ఆలోచిస్తున్నాడా అంటే, ఆలోచిస్తున్నాడు. అందుకే ఇంకా జాగ్రత్తగా చదివి అనుమతులిస్తున్నాడు.

ఎలాగో ఈదుకుంటూ అమ్మ పాఠాలన్నీ ముగించింది. మిగిలింది వైవా. కోల్‌కతాలో కూర్చున్న ఒక మేడమ్ కంప్యూటర్ కెమెరాలో చూస్తూ ప్రశ్నలడుగుతారు. ఫోన్‌లో కుదరదు, గదిలో ఇంకెవరూ ఉండకూడదు, చెప్పిన వేళకు రాకపోతే మళ్ళీ వచ్చే విడతకే. వచ్చే విడతంటే బడి ఉద్యోగం ఇంకొకరి చేతుల్లోకి వెళ్ళిపోయాక. మా జిరాక్సు కొట్టు పనికిరాదు. అక్కడ గదిలో ఇంకెవరూ లేని క్షణం కొట్టు కట్టేసినప్పుడే వస్తుంది.

ముందురోజు సాయంత్రం నాన్న వైవా పేజీకి పద్ధతిగా అనుమతి ఇచ్చాడు. "నీకు లైన్ క్లియర్ ఇచ్చీసినాను. రేపు దర్జాగా ఎల్లిపోడమే," అన్నాడు అమ్మతో. గొంతులో గర్వం. నిజంగా ఆయనకు సంతోషంగానే ఉంది.

అమ్మకు మాత్రం భయం. కెమెరాలో తన ముఖం ఎలా కనబడుతుందో, వెనక గోడ మీద పెచ్చులూడిన చోటు కనబడుతుందేమో అని. "ఒక్కపాలి తెరిచి సూద్దుమా?" అంది. నాన్న దుకాణానికి వెళ్ళాడు. నేనే తెరిచిపెట్టాను. పేజీ వచ్చింది, కెమెరా వెలిగింది, అమ్మ ముఖం తెర మీద పడింది. అమ్మ కొంగు సర్దుకుంది, పెచ్చులు కనబడకుండా కుర్చీ జరిపింది, "బానే ఉన్నాను కదేటి," అని తనలో తనే అనుకుంది. తర్వాత మూసేశాం. హాయిగా అన్నం తిన్నాం.

ఒక్కసారికి. బండి దాటగానే ఎరుపు. మేం నడిపింది ఖాళీ పెట్టెల బండి అని ఆ సాఫ్ట్‌వేర్‌కి ఏం తెలుసు?

మర్నాడు నేను కొట్లో సెలవు పెట్టాను. అమ్మ ఆకుపచ్చ అంచు చీర కట్టుకుని, తలదువ్వుకుని, చెప్పిన వేళకు ముందే వచ్చి కూర్చుంది. నేను పేజీ నొక్కి బయటికి నడవబోతుంటే వెనక నుంచి ఏ చప్పుడూ రాలేదు. తిరిగి చూశాను. గుడ్లగూబ. నవ్వు. "అయ్యో చిన్నారీ!"

'అడుగు' నొక్కాను. మళ్ళీ నొక్కాను. నాన్నకు ఫోన్ చేశాను. అది బ్యాగులో మోగుతూ ఉండి ఉంటుంది. ఆఫీసు నంబరుకి చేస్తే, ఒకాయన, "సైట్ పే గయే హై బేటీ, ఆతే హీ బోల్ దేంగే," సైట్‌కి వెళ్ళారు, రాగానే చెబుతాం అని ఎంతో ఆప్యాయంగా పెట్టేశారు. పాస్‌వర్డ్ ఊహిద్దామని కూర్చున్నాను. నాన్న పుట్టినరోజు పెట్టాను. కాదు. నా పుట్టినరోజూ కాదు. పెళ్ళిరోజు పెట్టాను. అదీ కాదు. అమ్మ పక్కనే నిలబడి చూస్తోంది. ఇన్నిసార్లు తప్పు కొట్టినందుకు సాఫ్ట్‌వేర్ ఆ గడిని కూడా మూసేసింది. 'కాసేపు బయట ఆడుకుని రా చిన్నారీ' అంది.

ఏదైనా జోకు వేద్దామని అమ్మ వైపు తిరిగాను. జోకు నోట్లోనే ఉండిపోయింది. అమ్మ తెర వైపు చూడడం లేదు. గోడ గడియారం వైపు చూస్తోంది. ఇన్ని నెలల బియ్యం ఏరడం, బూడిదరంగు గళ్ళు, తలనొప్పులు అన్నీ ఆ ముళ్ళ కింద నలుగుతున్నాయి.

ఉన్నట్టుండి, "తలుపు దగ్గరకెయ్," అని బయటికి నడిచింది. చెప్పులు కూడా వేసుకోలేదు. నేను వెనకే పరిగెత్తాను.

కాకీమా తలుపు తీశారు. లోపల ల్యాప్‌టాప్‌లో ఒక అమ్మాయి గొంతు సరిగమలు సాధన చేస్తోంది.

"కీ హోలో దీదీ?" ఏమైందన్నారు కాకీమా, అమ్మ చెప్పుల్లేని కాళ్ళవైపు చూసి.

అమ్మ బెంగాలీ మామూలుగా గలగలా పారుతుంది. ఆ రోజు మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చింది. వైవా ఉందని, కంప్యూటర్‌కి తాళం పడిందని, తాళం వేసిన మనిషి డ్యూటీలో ఉన్నాడని చెప్పింది. "తాళం ఎవరేశారు?" అని కాకీమా అడగలేదు. అడగకుండా ఉండడానికి పడిన కష్టం మాత్రం ఆవిడ ముఖంలో తెలిసింది.

"ఆరే, ఆగే బోల్బే తో!" ముందే చెప్పొద్దా అంటూ వెనక్కి తిరిగి, ఆ స్వరాలమ్మాయిని సగం ఆరోహణలో వదిలేసి పేజీ మూసేశారు. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, కట్టుకున్న చీర కొంగుతోనే తెర తుడిచి, నన్ను మెడ పట్టుకుని బయటికి తెచ్చారు. పేజీ వెంటనే తెరుచుకుంది. ఏ పక్షీ రాలేదు. అప్పటికి ఆలస్యమైంది. మేడమ్ అవతల నుంచి విసుగ్గా ఏదో అన్నారు. అమ్మ క్షమించమంది. ఎందుకు ఆలస్యమైందో చెప్పలేదు.

నేనూ కాకీమా తలుపు బయట చెవి ఆనించి నిలబడ్డాం. ఇలాంటప్పుడు ఏదైనా అర్థవంతమైన ప్రశ్న వస్తుందని నేను ఎదురుచూశాను. పిల్లల్ని కట్టడి చేయాలా, నమ్మి వదిలేయాలా, అలాంటిది. అమ్మ గొంతు వణుకుతూ జవాబు చెబుతుంది, నేను కళ్ళు తుడుచుకుంటాను. మేడమ్ అడిగింది మాత్రం పిల్లలకు మొదట ఏ పళ్ళొస్తాయని. కింది ముందు పళ్ళని చెప్పింది అమ్మ. తర్వాత మట్టి తినే పిల్లాడి గురించి అడిగారు. ఆ జవాబు చాలాసేపు సాగింది. చివర్లో మేడమ్ నవ్వినట్టు వినబడింది. ఆ ఉదాహరణ నేనే అని నాకు అనుమానం.

మధ్యాహ్నానికి నాన్న సైకిల్ మీద వచ్చాడు, ఆఫీసువాళ్ళు కబురు చెప్పగానే. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. మాతో మాట్లాడకుండా నేరుగా కంప్యూటర్ దగ్గరకెళ్ళి అనుమతి ఇచ్చాడు. పేజీ పచ్చగా తెరుచుకుంది. 'ఈ పరీక్ష సమయం ముగిసింది' అని చూపించింది.

విషయమంతా విన్నాక ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి ఆయనలోని సిగ్నల్ డిపార్ట్‌మెంటు తేరుకుంది.

"సిస్టమ్ తప్పు సెయ్యలేదు," అన్నాడు. "అనుమానమొచ్చినాది, ఆపినాది. దీన్ని మేం సేఫ్ సైడ్ ఫెయిల్యూర్ అంటాం. ఫెయిలయినా ఎవరికీ దెబ్బ తగల్నేదు."

"నాకు తగిల్నాది," అంది అమ్మ.

"ఎక్కడమ్మా, మందు రాస్తాను," అన్నాను నేను. అమ్మ నావైపు చూసిన చూపుకి లేచి వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"నేనేటి పసిగుంటనా?" అంది అమ్మ నాన్నతో. గొంతు పెంచలేదు. "పెద్దోల్లనడుగు, పెద్దోల్లనడుగు అని పొద్దస్తమానం ఆ పిట్ట సేత సెప్పిస్తారా నాకు? ఈయేల పక్కింటి తలుపు కొట్టి, మా ఇంట్లో నాకు తాలమేసినారు, మీ ఇంట్లో కూకుంటానని అడుక్కున్నాను."

"నీకెయ్యలేదే. ఇంటికేసినాను."

"ఇంట్లో ఉండీది నేనే."

నాన్న మౌసుతో బల్ల మీద గీతలు గీశాడు. తర్వాత, "ఇప్పుడే నిన్ను పెద్దమనిసిని సేసీస్తాను, ఉండు," అని పనిలోకి దిగాడు.

అది అంత తేలిక కాదని గంటలోపే తెలిసింది. చిన్నారి ఖాతాను పెద్దల ఖాతాగా మార్చాలంటే చిన్నారికి పద్దెనిమిదేళ్ళు నిండాలట. అమ్మకు ఇంకా పదేళ్ళకు పైనే ఉంది. పుట్టిన సంవత్సరం తప్పు పడింది, దిద్దుకుంటాం అంటే, చిన్నారి సొంత మెయిల్‌కి ఒక లింకు పంపుతానంది. అమ్మ మెయిల్ నాన్న మెయిల్ కిందే తెరిచారు కాబట్టి అది సొంతం కాదట. పోనీ కొత్తది తెరుద్దామంటే ఫోన్ నంబర్ అడిగింది. అమ్మ నంబరిస్తే, 'ఈ నంబరు ఇప్పటికే మరో పెద్దమనిషి ఖాతాకు జతపడి ఉంది' అంది.

"అది నాదే," అన్నాడు నాన్న మెల్లిగా. "నా ఫోన్ పోతే పనికొస్తాదని నీ నంబరెట్టినాను."

"సిమ్ము కూడా మీ పేరు మీదే," అంది అమ్మ.

"గ్యాసు బుక్కు?"

"మీదే."

"బ్యాంకులో ఏ నంబరుంది నీకు?"

"మీది."

నాన్న కళ్ళజోడు తీశాడు. తుడవలేదు, చేతిలో పట్టుకుని ఊరుకున్నాడు. అప్పటిదాకా ఇది కంప్యూటర్ గొడవ అనుకున్నాడు. మేమూ అలాగే అనుకున్నాం. నిజానికి మా నాన్న చెడ్డవాడు కాదు. ఏ సిమ్మూ కుట్ర చేసి కొనలేదు. లైనులో నిలబడేది తనే కాబట్టి తన పేరు రాయించేశాడు, అంతే. అలా ఒక్కొక్క లైనులోనూ ఒక్కొక్కటి.

ఆదివారం ముగ్గురం గోల్ బజార్ వెళ్ళాం. సిమ్ముల కొట్టతను కార్డు అడుగుతూ, "కిస్‌కే నామ్ పే?" ఎవరి పేరు మీద అన్నాడు. నాన్న అలవాటుగా చొక్కా జేబులో చెయ్యి పెట్టి, అక్కడే ఆపేశాడు. అమ్మ తన సంచిలోంచి తన కార్డు తీసి ఇచ్చింది. ఫోటోకి చిన్న కెమెరా వైపు చూడమన్నాడతను. అమ్మ వెనక గోడ ఎలా ఉందో కూడా చూసుకోలేదు.

ఆ నంబరుతో అమ్మకు కొత్త మెయిల్ వచ్చింది, కొత్త ఖాతా వచ్చింది, వయసు ఒక్కసారిగా నలభై ఆరుకి దూకింది. కోర్సువాళ్ళకు కూడా కొత్త చిరునామా ఇచ్చింది. ఆలస్యంగా వచ్చినందుకు మార్కులు తగ్గిస్తారేమో, అసలు వైవానే లెక్కలోకి తీసుకోరేమో తెలియదు. బడి పెద్ద టీచరమ్మ రెండుసార్లు కబురంపారు. నాన్న రోజూ డ్యూటీ నుంచి వస్తూనే, "ఏటైనా వచ్చినాదా?" అనేవాడు. అమ్మ తల అడ్డంగా ఊపేది. ఈ హడావుడిలో నా ఖాతా సంగతి ఎవరికీ గుర్తులేదు. నేను గుర్తుచేస్తే, "ఉండవే, ముందర మీయమ్మది తేలనీ," అంటున్నాడు నాన్న. కాబట్టి నేనింకా ఎనిమిదేళ్ళ లోపే. మొన్న గుడ్లగూబ చెప్పుల కొలతల పేజీ ఆపేసింది.

ఒక సెలవురోజు పొద్దున్న అమ్మ వరండాలో చిక్కుడుకాయలకు ఈనె తీస్తోంది. నాన్న పేపర్ చదువుతున్నాడు. అమ్మ ఫోన్ కుయ్‌మంది. అమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఫోన్ కాస్త దూరంగా పట్టుకుని చదివింది. మళ్ళీ చదివింది. ఫోన్ బోర్లా పెట్టి ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది.

నాన్న పేపర్ దించాడు. "ఎవరు?"

"కోర్సోల్లు."

"ఏటంట?"

"పాసైనానంట." ఈనె లాగింది. "సోమారం నుంచి బడికెల్తాను."

నాన్న లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నేను రెండు జోకులు సిద్ధం చేసుకుని, రెండూ బాగాలేక వదిలేశాను.

"సోమారం నుంచి పొద్దున్నే మీ క్యారేజీ మీరే కట్టుకోవాల," అంది అమ్మ. "అన్నం వొండీసి ఎల్తాను. కూర నావల్ల కాదు."

"కూరదేటుంది, నేను సేసీసుకుంటాను," అన్నాడు నాన్న. అదే ఊపులో చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని వంటింట్లోకి నడిచాడు. పోపులడబ్బా మూత కింద పడిన చప్పుడైంది.

"ఇదిగో, ఇందులో జీలకర్రేది, సోంపేది?"

అమ్మ కదల్లేదు. ఫోన్ మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"వాసన సూడండి," అంది.